వీల్ బోల్టు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదా? అపోహలు - వాస్తవాలు

పాత కారుకి అల్లాయ్ వీల్స్ వేయించుకునేవాళ్లు డిజైన్ గురించి పది రోజులు ఆలోచిస్తారు, బోల్టుల గురించి పది సెకన్లు కూడా ఆలోచించరు. చక్రాలు విప్పి బిగించడమే నా పని కాబట్టి దాదాపు రోజూ వినే మాటలు ఇవి.

"పాత బోల్టులే సరిపోతాయి, సైజు ఒకటే కదా"

అపోహే. మర ఒకటే అయినా పొడవు చాలకపోవచ్చు. స్టీల్ చక్రం రేకుతో చేసింది, అల్లాయ్‌లో బోల్టు కూర్చునే చోటు దానికంటే చాలా మందం, అందుకే పాత బోల్టు, చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగమైన హబ్‌లోకి మూడు నాలుగు చుట్లే ఎక్కుతుంది, చూడటానికి మాత్రం బిగిసినట్టే ఉంటుంది. 12 మి.మీ. బోల్టుకి 1.5 మి.మీ. పిచ్ (పక్కపక్క మర గీతల మధ్య దూరం) ఉంటే కనీసం ఆరున్నర ఏడు చుట్లు తిరగాలి, చేత్తో తిప్పుతూ లెక్కపెట్టుకోండి. మరీ పొడవైనా గొడవే, వెనక డ్రమ్ బ్రేకులున్న కార్లలో బోల్టు కొస లోపలి షూలకో స్ప్రింగులకో తగలొచ్చు. బిగించాక చక్రాన్ని గాల్లోనే ఒకసారి తిప్పి, గీసుకుంటున్న చప్పుడు వస్తుందేమో వినండి.

ఇక తల కింది ఆకారం. కొన్ని శంకువులా ఉంటాయి, కొన్ని బంతిలా గుండ్రంగా, కొన్ని చదునుగా వాషర్‌తో. బంతి ఆకారం బోల్టుని శంకువు గుంటలో పెడితే అది సన్నని గీత మీదే ఆనుతుంది, కొన్నాళ్లకు వదులవుతుంది. అనుమానమొస్తే గుంటలో మార్కర్ పూసి, బిగించి విప్పి చూడండి, రంగు చుట్టూ వెడల్పుగా చెరిగిపోవాలి.

"పైపు తగిలించి ఎక్కి తొక్కితే ఇక ఊడదు"

నాకు ఒళ్లు మండేది దీనికే. బోల్టు ఒక గట్టి స్ప్రింగ్ లాంటిది, బిగించినప్పుడు కాస్త సాగి చక్రాన్ని హబ్‌కి నొక్కి పెడుతుంది, అసలు పట్టు ఆ నొక్కుడులోనే ఉంది. హద్దు దాటి సాగిన బోల్టు మళ్లీ వెనక్కి రాదు. పాత చిన్న కార్లలో చాలావాటికి 80 నుంచి 110 న్యూటన్ మీటర్లు (తిప్పే బలం కొలత) చాలు, మీ కారుకి ఎంతో మాన్యువల్‌లో చూడండి. 70 కిలోల మనిషి 60 సెం.మీ. పైపు చివర నిలబడితే అది 400 దాటుతుంది! బోల్టులు బిగించే మెషిన్, అంటే ఇంపాక్ట్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు కొట్టడమూ ఇంతే. గాల్లో ఉండగా ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించి, కిందికి దించాక, పెట్టిన అంకె చేరగానే క్లిక్‌మనే టార్క్ రెంచ్‌తో పూర్తి చేయాలి. క్లిక్ వినపడగానే ఆపేయాలి, "ఇంకొక్కసారి" అక్కర్లేదు.

"మరకి కాస్త నూనె రాస్తే మంచిది"

మంచి ఉద్దేశమే, కానీ మీరు పెట్టే బలంలో సుమారు పదో వంతే బోల్టుని సాగదీస్తుంది, మిగతాదంతా తల కింద, మరలో రాపిడికే పోతుంది. నూనె ఆ రాపిడిని తగ్గించేస్తే రెంచ్ మీద అదే అంకెకి బోల్టు మరీ ఎక్కువ సాగుతుంది. కార్ల కంపెనీ ప్రత్యేకంగా రాయమని చెప్తే తప్ప, వైర్ బ్రష్‌తో మర శుభ్రం చేసి పొడిగానే ఎక్కించండి.

"కొత్తవి కదా, మళ్లీ చూడక్కర్లేదు"

చూడాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లారాక, మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి. పాత కారులో హబ్ ముఖం మీద తుప్పు పొరలుంటాయి, రంగు వేసిన చక్రమైతే గుంటల్లో పెయింట్ ఉంటుంది, బరువు పడేసరికి అవి నలిగి సందు ఏర్పడుతుంది. ఒకసారి నా సొంత కారుకే తొందరలో హబ్ గీకకుండా బిగించేశాను, మర్నాడు చూస్తే నాలుగింటిలో రెండు బోల్టులు చేతి బలానికే తిరిగాయి.

ఇంకోటి, స్టెప్నీ స్టీల్‌దే అయితే పాత బోల్టులు పారేయకండి, ఒక సంచిలో వేసి డిక్కీలో ఉంచండి. అల్లాయ్ బోల్టులు దానికి పొడవెక్కువ.