సెరెంగెటిలో సింహం కన్నా ముందు గడ్డిని చూడండి

ఆఫ్రికా సఫారీకి వెళ్ళొచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "సింహాలు ఎన్ని కనిపించాయి?" టూర్ కంపెనీల ప్రకటనల్లోనూ "బిగ్ ఫైవ్" అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఈ జాబితా తయారుచేసింది తుపాకులు పట్టుకుని తిరిగిన పాతకాలపు వేటగాళ్ళు. కాలినడకన వేటాడితే ఏ ఐదు జంతువులతో ప్రాణాపాయమో వాళ్ళు వేసుకున్న లెక్క అది. టాంజానియాలోని సెరెంగెటి, సరిహద్దు దాటితే కెన్యాలో దానికి ఆనుకుని ఉన్న మసాయి మారా ఎలా నడుస్తున్నాయో తెలుసుకోవాలంటే ఆ జాబితా ఏమాత్రం సరిపోదు. గడ్డి దగ్గర మొదలుపెట్టాలి. స్నేహితులతో కలిసి వెళ్ళినప్పుడు జీపులో మా వాదనలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవి.

టాంజానియాలోని ఆరుషా నగరం నుంచి సెరెంగెటికి వెళ్ళే దారి గోరోంగోరో కొండలెక్కి దిగుతుంది. ఈ కొండలన్నీ అగ్నిపర్వతాలే. పైకప్పు లోపలికి కూలిపోయిన ఒక పెద్ద అగ్నిపర్వతం గుంటే గోరోంగోరో. లోతు సుమారు 600 మీటర్లు, అడుగున నేల 260 చదరపు కిలోమీటర్లు. దానికి ఈశాన్యంగా ఓల్ డొయిన్యో లెంగాయ్ ఇప్పటికీ రగులుతూనే ఉంది. ఇక్కడ పశువులు కాచుకుని బతికే మసాయిలకు అది దేవుడి కొండ. సోడియం, కాల్షియం కార్బనేట్లతో నిండిన అరుదైన లావాను నేటికీ కక్కుతున్న అగ్నిపర్వతం ప్రపంచంలో ఇదొక్కటే. ఇది, దీనికన్నా ముందు పుట్టి చల్లారిపోయిన ఇరుగుపొరుగు కొండలు వేల, లక్షల ఏళ్ళ పాటు చిమ్మిన బూడిదను గాలి పడమటికి మోసుకెళ్ళి పరిచింది. సెరెంగెటి దక్షిణ మైదానం అలా తయారైంది.

ఆ మైదానంలో బండి ఆపి చుట్టూ చూస్తే ఎటు చూసినా చెట్టు కనపడదు. పశువులు మేసేశాయనో, ఎవరో నరికేశారనో అనిపిస్తుంది. అసలు కారణం నేల కింద ఉంది. బూడిదలోని కాల్షియం లవణాలు వాననీటిలో కరిగి కిందికి దిగుతాయి. పడే వాన కొద్దే కాబట్టి మరీ లోతుకు పోలేక, పైపైనే గట్టి సున్నపు పొరగా పేరుకుంటాయి. దాన్ని చీల్చుకుని చెట్ల వేళ్ళు దిగలేవు. పొట్టి గడ్డికి మాత్రం పైనున్న ఆ కాస్త మట్టి చాలు. ఆ గడ్డిలో కాల్షియం, భాస్వరం దండిగా ఉంటాయి.

ఇక వాన సంగతి. తూర్పు నుంచి వచ్చే మేఘాలను గోరోంగోరో కొండలు అడ్డుకుంటాయి. వాటి వెనక పడ్డ దక్షిణ మైదానానికి ఏడాదికి దక్కేది ఇంచుమించు మన అనంతపురంలో కురిసేంత వానే. ఉత్తరాన మారా నది వైపు, వాయవ్యంగా విక్టోరియా సరస్సు వైపు వెళ్ళేకొద్దీ అది దాదాపు రెట్టింపవుతుంది. అంటే బలమైన మేత ఉన్నచోట నీళ్ళు నిలవవు, ఏడాది పొడవునా నీళ్ళున్నచోట మేతలో అంత బలం ఉండదు. పదమూడు లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (ఆవును పోలిన పెద్ద జింక జాతి), రెండు లక్షల జీబ్రాలు, లక్షల గజెల్ జింకలు ఏటా గుండ్రంగా వలస తిరగడానికి మూలం ఈ పేచీయే. వానలు పడి దక్షిణాన చిగురు రాగానే అక్కడికి పరుగెడతాయి. మే, జూన్‌లలో అది ఎండిపోగానే పడమరకు, ఉత్తరానికి కదులుతాయి. జులై నుంచి అక్టోబర్ దాకా మారా ప్రాంతంలో గడిపి, కొత్త వానలతో మళ్ళీ వెనక్కి వస్తాయి.

బాలింత ఆవుకు దాణా ఎందుకు పెంచుతారో తెలిసినవాళ్ళకు ఈ వలస వేళలు చప్పున అర్థమవుతాయి. వైల్డ్‌బీస్ట్‌లు ఈనేది జనవరి చివర నుంచి మార్చి లోపు, సరిగ్గా ఈ బూడిద నేల మీద గడ్డి పచ్చగా ఉన్నప్పుడే. కడుపులోని దూడ ఎముకలకూ, తల్లి పాలకూ కావాల్సిన ఖనిజాలు అక్కడ దొరుకుతాయి. ఎక్కువ దూడలు రెండు మూడు వారాల్లోనే పుట్టేస్తాయి. ఇన్ని దూడలు ఒక్కసారిగా నేల మీదికి వస్తే సింహాలూ దుమ్ములగొండ్లూ ఎంత తిన్నా తినగలిగింది కొంతే. ముందుగానో ఆలస్యంగానో పుట్టిన దూడలకే గండం ఎక్కువ.

దక్షిణ మైదానంలోని ఎన్‌డూటు సరస్సు దగ్గర మేము ఒక ఈత చూశాం. గుంపు అంచున ఒక తల్లి పడుకుంటోంది, లేస్తోంది, మళ్ళీ పడుకుంటోంది. డ్రైవర్ దూరంగానే ఇంజన్ ఆపేశాడు. ముందు కాళ్ళు, తరువాత తల, ఆ వెంటనే మొత్తం దూడ తడితడిగా నేల మీదికి జారింది. తల్లి నాకుతుండగానే లేవబోయి ముక్కు నేలకు గుద్దుకుంది. వెనక కాళ్ళు నిలబడ్డాయి, ముందు కాళ్ళు మడతపడ్డాయి. ఇంకో ప్రయత్నంలో నాలుగు కాళ్ళూ నిలిచాయి. పది నిమిషాలైనా కాలేదు, తల్లి పక్కన తూలుతూ పరుగు మొదలుపెట్టింది. జీపులో ఒక్కరం కూడా మాట్లాడలేదు. "ఒరేయ్, మనకు నడవడానికి ఏడాది పట్టింది రా" అని మా వాడు గుసగుసగా అన్నాకే మాకు ఊపిరాడింది.

స్నేహితులతో వెళ్ళడంలో ఉన్న లాభం నాకు అక్కడే తెలిసింది. ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు, ఒకడు పైకప్పు తెరిచి నిలబడి దూరంగా చూస్తే ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కనపడుతుంది. మేసే జంతువులు గుంపుగా ఉండటానికి ఒక కారణం కూడా ఇదే. గుంపు పెద్దదయ్యేకొద్దీ ఒక్కొక్క జంతువు తల ఎత్తి చూడాల్సిన సమయం తగ్గుతుంది, మేతకు మిగిలే సమయం పెరుగుతుంది. అయితే తల ఎత్తినవన్నీ ఒకే వైపు చూస్తూ ఉన్నాయంటే బైనాక్యులర్ అటు తిప్పాలి. సింహాలను వెతకడానికి అంతకన్నా మంచి పద్ధతి నాకు కనపడలేదు.

జీబ్రాలూ వైల్డ్‌బీస్ట్‌లూ కలిసి తిరగడం వెనకా గడ్డే ఉంది. జీబ్రాకు గుర్రంలాగే పైనా కిందా ముందు పళ్ళుంటాయి. ముదిరిన కాడలను కొరికి తెంపుతుంది. నెమరు వేయదు కాబట్టి నాసిరకం మేతనైనా ఎక్కువగా తిని, త్వరగా అరిగించి బయటికి పంపేస్తుంది. వైల్డ్‌బీస్ట్‌కు ఆవులాగే పైదవడ ముందు పళ్ళు లేవు, మూతి వెడల్పు. జీబ్రా పై కాడలు తీసేశాక బయటపడ్డ ఆకును నాలుకతో, కింది పళ్ళతో గుంపుగా తినేసి వెళ్తుంది. గుంపు దాటిన కొన్నాళ్ళకు అదే నేల మళ్ళీ చిగురిస్తుంది. ఆ లేత చిగురు కోసం థామ్సన్ గజెల్ వస్తుంది. దాని మూతి సన్నం, ఒక్కొక్క ఆకునూ ఏరుకోగలదు. వైల్డ్‌బీస్ట్‌లు మేసి వెళ్ళిన చోటికే గజెల్‌లు చేరతాయని మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్త 1970ల్లో కొలిచి చూపించాడు.

మైదానం దాటి తుమ్మ అడవిలోకి రాగానే చెట్లకు నీలం, నలుపు గుడ్డలు వేలాడుతూ కనిపిస్తాయి. అవి రక్తం పీల్చే ట్సెట్సీ ఈగలకు పెట్టిన ఉచ్చులు. ముదురు నీలం ఈ ఈగలను లాగుతుంది. గుడ్డకు పట్టించిన మందు తగిలి చస్తాయి. సఫారీకి నేవీ బ్లూ టీషర్టులు వద్దని చెప్పేది అందుకే. కుడితే చొక్కా మీద నుంచి కూడా సూది గుచ్చినట్టు తెలుస్తుంది. జీబ్రా చారల ఉపయోగం మీద వందేళ్ళకు పైగా నడిచిన వాదనలో కూడా ఇప్పుడు బలంగా నిలిచింది కుట్టే ఈగల నుంచి చారలు కాపాడతాయన్న వాదనే. శాస్త్రవేత్త టిమ్ కారో బృందం 2019లో గుర్రాలకు చారల కోట్లు తొడిగి చూసింది. ఈగలు దగ్గరికి వస్తున్నాయి గానీ చారల మీద సరిగ్గా వాలలేకపోతున్నాయి. (కుట్టే పురుగుల మాట వచ్చింది కాబట్టి: కెన్యా వెళ్ళేవాళ్ళు కనీసం పది రోజుల ముందే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఇది దోమ వల్ల వచ్చే జ్వరం. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపవచ్చు.)

మారా నది దాటే దృశ్యం టీవీల్లో అందరూ చూసిందే. మొసలి నోట్లో పడే వైల్డ్‌బీస్ట్‌ను పదే పదే చూపిస్తారు. నిజానికి మొసళ్ళ కన్నా తొక్కిసలాట, ప్రవాహం వల్ల మునిగి చచ్చేవే చాలా ఎక్కువ. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఏటా సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు ఈ నదిలో మునిగిపోతాయి. దాదాపు 1,100 టన్నుల మాంసం, ఎముకలు. మెత్తటి భాగాలు కొన్ని వారాల్లో చేపలకు, రాబందులకు, మారబూ కొంగలకు పోతాయి. ఎముకలు మాత్రం ఏళ్ళ తరబడి కరుగుతూ భాస్వరాన్ని నీళ్ళలోకి వదులుతుంటాయి. బూడిద నేలలో పుట్టిన భాస్వరం గడ్డిలోకి, దాన్నుంచి ఎముకలోకి, చివరికి వందల కిలోమీటర్ల అవతల నదిలోని చేపల్లోకి చేరుతుంది.

ఇంత పెద్ద గుంపు ఎప్పటి నుంచో ఇలాగే ఉందనుకుంటాం. 1961లో లెక్కిస్తే వైల్డ్‌బీస్ట్‌లు సుమారు రెండున్నర లక్షలే. కారణం రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి. 1880ల చివర్లో ఇటలీ సైన్యం కోసం ఎర్ర సముద్రపు రేవు మసావాకు తెచ్చిన పశువులతో ఇది ఆఫ్రికా ఈశాన్య కొమ్ములోకి వచ్చిందనీ, ఆ పశువులు భారతదేశం నుంచి వెళ్ళినవనీ చరిత్రకారులు చెబుతారు. సుమారు పదేళ్ళలో అది దక్షిణ కొస దాకా పాకింది. ఇథియోపియాలో పశువులు చచ్చి, దున్నే ఎద్దు లేక వచ్చిన కరువులో జనాభాలో మూడోవంతు పోయారని అంచనా. మసాయిల మందలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎద్దు చచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో మన పల్లెల వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడులో కూడా భారతదేశం పాత్ర ఉంది. 1920ల్లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధనశాలలో జె.టి. ఎడ్వర్డ్స్ ఈ వైరస్‌ను మేకల్లో పెంచి బలహీనపరిచి టీకాగా మార్చాడు. తరువాత కెన్యాలోని ముగుగాలో వాల్టర్ ప్లోరైట్ కణాల్లో పెంచిన, ఇంకా సురక్షితమైన టీకా తయారుచేశాడు. సెరెంగెటి చుట్టూ ఉన్న పశువులకు టీకాలు వేశారు. అడవి జంతువులకు ఒక్క సూదీ వేయలేదు. పశువుల్లో రోగం ఆగేసరికి 1963 కల్లా వైల్డ్‌బీస్ట్‌ల్లోనూ మాయమైంది. 1977కు వాటి సంఖ్య పదమూడు లక్షలు దాటింది. ప్రపంచంలో రిండర్‌పెస్ట్ చివరిసారి కనిపించింది 2001లో, కెన్యాలోని మేరు పార్కు అడవిదున్నల్లో. 2011లో దాన్ని పూర్తిగా నిర్మూలించినట్టు ప్రకటించారు.

వైల్డ్‌బీస్ట్‌లు పెరిగాక జరిగింది మరీ ఆశ్చర్యం. అవి గడ్డిని తినేయడంతో వానల్లేని నెలల్లో కాలడానికి ఎండుగడ్డి మిగల్లేదు, కార్చిచ్చులు తగ్గాయి. మంటలు తగ్గడంతో చెట్ల మొక్కలు బతికి పెద్దవయ్యాయి. అంతకుముందు గాలిలోకి కార్బన్ వదులుతున్న సెరెంగెటి, దాన్ని పట్టి దాచుకునే నేలగా మారిందని 2009లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పశువుకు వేసిన ఒక టీకా అడవి రూపాన్నే మార్చింది!

తిరగడానికి జాగా లేకపోతే ఇదంతా తలకిందులవుతుంది. మారాకు తూర్పున లోయితా మైదానాల్లో ఇంకో చిన్న వైల్డ్‌బీస్ట్ వలస ఉండేది. 1977లో లక్షా ఇరవై వేల దాకా ఉన్న ఆ మంద 1997 నాటికి 22 వేలకు పడిపోయింది. అవి ఈనే నేలలో గోధుమ పొలాలు వచ్చాయి, ఆ తరువాత కంచెలూ వచ్చాయి. సెరెంగెటి ఉత్తర భాగం మీదుగా హైవే వేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. తారు రోడ్డు వేయడం చట్టవిరుద్ధమని 2014లో తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం తీర్పు చెప్పింది.

మారా చుట్టూ మసాయిలు తమ భూములను కలిపి కన్సర్వెన్సీలుగా, అంటే వన్యప్రాణుల కోసం కాపాడే నేలలుగా నడుపుతున్నారు. కంచె వేయకుండా ఉంచినందుకు టూరిస్టు క్యాంపులు వాళ్ళకు నెలనెలా కౌలు కడతాయి. అది మనలాంటి వాళ్ళు రాత్రికి ఇంతని కట్టే సొమ్ములోంచే వెళ్తుంది. స్నేహితులంతా కలిసి ట్రిప్ ప్లాన్ చేస్తుంటే టూర్ కంపెనీని రేటుతో పాటు ఇది కూడా అడగండి: మేముండే క్యాంపు ఎవరి భూమిలో ఉంది, కౌలు ఎవరికి వెళ్తుంది? నెల విషయానికొస్తే, దూడలను చూడాలంటే ఫిబ్రవరిలో ఎన్‌డూటు, నది దాటడం చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్‌లలో మారా. నన్నడిగితే ఫిబ్రవరికే టికెట్లు తీసుకోమంటాను.