ముల్లు పైకి లేచిందంటే వాటర్ పంపే పోయిందా? అపోహలు – వాస్తవాలు

బండి హీట్ అవుతోందని షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది రోగంతో పాటు మందు కూడా వాళ్లే చెప్పేస్తారు: "వాటర్ పంపు పోయినట్టుంది, మార్చేయండి." తీరా చూస్తే, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ ద్రవాన్ని లోపల తిప్పే ఆ పంపు బాగానే ఉంటుంది. నిజంగా పంపు పోతున్న బండ్లేమో ఏ హీటూ లేకుండా మామూలు సర్వీసింగ్‌కి వస్తాయి. అప్పుడు చెబితే ఓనర్ నమ్మడు. ఈ రెండు పొరపాట్లూ జేబుకు చిల్లు పెట్టేవే.

అపోహ: ఇంజన్ హీట్ అయితే వాటర్ పంపే కారణం.

ముందు ఎప్పుడు హీట్ అవుతోందో గమనించండి. సిగ్నల్ దగ్గర ఆగితే మీటర్లో వేడి చూపే ముల్లు లేచి, బండి కదలగానే దిగిపోతోందా? మొదట చూడాల్సింది రేడియేటర్ ఫ్యాను, దాని ఫ్యూజు, రిలే. ఊళ్లో బాగానే ఉండి, నిండా మనుషులతో అరకు ఘాట్ ఎక్కేటప్పుడు లేస్తోందా? రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు. పంపు మీద నాకు అనుమానం మొదలయ్యేది కూడా ఇక్కడే. కూలెంట్ నిండుగా ఉండి, ఇంజన్ కాగిపోతున్నా రేడియేటర్‌కి వెళ్లే పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకోవడం లేదేమో చూడాలి. బయట ఎక్కడా చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతూ, రిజర్వ్ ట్యాంకులో బుడగలు వస్తుంటే ఇంజన్ హెడ్డుకీ బ్లాక్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇవి చూడకుండా పంపు మార్చితే డబ్బు పోతుంది, హీట్ మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: హీట్ కావడం లేదు కాబట్టి పంపు బాగున్నట్టే.

పంపు షాఫ్టు ఒక బేరింగు మీద తిరుగుతుంది. కూలెంట్ ఆ బేరింగులోకి రాకుండా ఒక సీలు ఆపుతుంది. ఈ రెండింటి మధ్య పంపు బాడీకి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, వీప్ హోల్ అంటాం. సీలు అరిగిపోతే కారిన కూలెంట్ బేరింగు మీదికి పోకుండా అందులోంచి బయటికి వస్తుంది. పంపు తన సంగతి చెప్పుకునేది అక్కడే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక టార్చి వేసి, చిన్న అద్దం అడ్డం పెట్టి ఆ రంధ్రం కింద చూడండి. సీలు కారుతుంటే మీ కూలెంట్ రంగులోనే, ఆకుపచ్చగానో గులాబీగానో, ఎండిపోయిన చారిక ఉంటుంది. అంచుల్లో గోరుతో గీకితే రాలే తెల్లటి పొర కనిపిస్తుంది. కారిన చుక్క వేడి ఇంజన్ మీదే ఆవిరైపోతుంది కాబట్టి పార్కింగ్‌లో నేల తడవకపోవచ్చు. కొత్త పంపుకి మొదట్లో కొంచెం చెమ్మ కనబడితే కంగారు పడక్కర్లేదు. అది ఆగకపోతేనే సమస్య.

అనుమానం తీరకపోతే రేడియేటర్‌కి ప్రెషర్ టెస్టర్ పెట్టి, మూత మీద రాసినంత ప్రెషర్ వరకే కొట్టి పావుగంట వదిలేయాలి. టెస్టర్ ముల్లు దిగితే ఎక్కడో లీకు ఉన్నట్టే. తర్వాత బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పి, అటూ ఇటూ ఆడించి చూడాలి. గరగరమన్నా, లూజు తెలిసినా బేరింగు పోయినట్టే.

లీకు లేకుండా కూడా పంపు పోతుంది. లోపల కూలెంట్‌ని తోసే ఇంపెల్లర్ చక్రం రెక్కలు అరిగిపోయినా, ప్లాస్టిక్‌ది పగిలి షాఫ్టు మీద జారినా పుల్లీ తిరుగుతుంది గానీ కూలెంట్ కదలదు. దీనికి మన దగ్గర ఎవరూ వాడని ఒక గుర్తుంది, అదే హీటర్. ముల్లు పైకి పోతున్నా హీటర్ నుంచి చల్లగాలే వస్తోందంటే కూలెంట్ తగ్గింది, లేదా గాలి చిక్కుకుని ఎయిర్ లాక్ అయింది, లేదా పంపు తోయడం లేదు.

అపోహ: కారే రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేస్తే చాలు.

దయచేసి ఈ పని ఎవరితోనూ చేయించకండి. రంధ్రం మూస్తే కూలెంట్ నేరుగా బేరింగులోకి పోతుంది, పంపు బిగుసుకుపోతుంది. వాల్వుల్ని పిస్టన్ల కదలికకు సరిపడా నడిపే టైమింగ్ బెల్టుతో తిరిగే పంపైతే బెల్టు పళ్లు దాటడమో, తెగడమో జరుగుతుంది. చాలా ఇంజన్లలో ఆ తర్వాత వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. పంపుతో పోయేది ఇంజన్ పని దాకా వస్తుంది.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ తీసేయడమే మంచిది.

చేతులారా ఇంజన్ని పాడుచేసుకోవడం ఇది. ఇంజన్ ఉండాల్సిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. దాన్ని తీసేస్తే వేడి కూలెంట్ కొంత రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చి, హీట్ ఇంకా పెరుగుతుంది.

అపోహ: కూలెంట్ దండగ, బోరు నీళ్లు చాలు.

బోరు నీళ్లలోని ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, పంపు సీలుకూ అవి అవసరం. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపకండి, రంగుకు ఒక ప్రమాణమంటూ లేదు. దారిలో అత్యవసరమై మామూలు నీళ్లు పోస్తే, ఇంటికొచ్చాక మొత్తం తీసి మార్పించండి.

అపోహ: పంపు ఒక్కటి మార్చితే సరి.

పంపు బయటి బెల్టుతో తిరిగేదైతే అంతే. టైమింగ్ బెల్టు వెనక ఉన్నదైతే అక్కడిదాకా విప్పడానికే లేబర్ అంతా పోతుంది. కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీ కూడా అప్పుడే మార్చేయండి. కూలెంట్‌తో తడిసిన బెల్టును మళ్లీ ఎక్కించకూడదు.

బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ ముక్క ఒక్కటీ మిగలకుండా గీకాలి. ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) ఉన్నచోట సిలికాన్ పూయకూడదు. పూయాల్సిన చోట సన్నగా ఒక గీత చాలు, ఎక్కువైతే లోపలికి ఊడిపడి దారులకు అడ్డం పడుతుంది. బోల్టులు టార్క్ రెంచితోనే బిగించాలి, అల్యూమినియం మరలు ఇట్టే పోతాయి.

కూలెంట్ నింపాక గాలి తీయడమే చాలాచోట్ల ఎగ్గొట్టే పని. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి స్టార్ట్ చేయాలి. థర్మోస్టాట్ తెరుచుకుని, బుడగలు ఆగి, హీటర్ వేడిగాలి వదిలేదాకా నింపుతూ ఉండాలి. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉన్న బండ్లలో దాన్నీ వదులు చేయాలి. ఒకసారి వేడెక్కి ప్రెషర్‌లో ఉన్న ఇంజన్ మూత మాత్రం తీయొద్దు. ప్రెషర్ కుక్కర్ లాగే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదలగానే మొహం మీదికి చిమ్ముతాయి.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందే లెవెల్ చూడండి. కాస్త తగ్గితే మిగిలిన గాలి పోయినట్టు, నింపుకోండి. ఆ తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే, మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేసి చూపించమని మెకానిక్‌ని అడగండి.