చదివింపుల పుస్తకంలో మారుపేర్లు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మా బుజ్జి ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న ఫోన్లో అడిగింది: "తాతయ్యా, బిట్‌కాయిన్‌లో ఎవరి పేరూ ఉండదంటగా, మరి ఆ అమెరికా దొంగలు ఎలా దొరికిపోయారు?" బిట్‌కాయిన్ ఇస్తే ఎవరిచ్చారో బ్రహ్మదేవుడికి కూడా తెలియదని వాళ్ల క్లాసులో ఒకడు బల్లగుద్ది చెప్పాడట. ఇది ఫోన్లో తెమిలే విషయం కాదు. పైగా దానికి ఒక పక్క టీవీ, ఇంకో పక్క తమ్ముడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, అందరూ చదవండి.

పెళ్లిళ్లలో చదివింపులు చూశారుగా? ఇప్పుడంటే కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి, భోజనాలకి వెళ్లిపోతున్నారు. మా చిన్నప్పుడు పందిట్లో ఒక మూల చాప వేసుకుని, పుస్తకమూ ఇత్తడి పళ్లెమూ ముందు పెట్టుకుని ఒకాయన కూర్చునేవాడు. డబ్బు పళ్లెంలో పడగానే మైకులో అందుకునేవాడు: "ఫలానా ఊరి వాస్తవ్యులు ఫలానా గారు వధూవరులకు చదివించిన కట్నం పది రూపాయలూ!" వెంటనే పుస్తకంలోకి ఎక్కేది. ఆ పుస్తకం పెళ్లివారింట్లో ట్రంకుపెట్టె అడుగున ఏళ్ల తరబడి ఉండేది. మనకి ఎవరెంత చదివించారో చూసుకుని, వాళ్ల ఇంట్లో శుభకార్యానికి అంతకి తగ్గకుండా ఇవ్వాలిగా మరి.

బిట్‌కాయిన్ అంటే నోట్లూ నాణేలూ లేకుండా ఇంటర్నెట్లో నడిచే డబ్బు. దాని లెక్క కూడా అలాంటి చదివింపుల పుస్తకమే. 2009 జనవరి 3న మొదటి పేజీ పడింది. మొదలుపెట్టిన మనిషి పెట్టుకున్న పేరు సతోషి నకమోటో. అసలు మనిషి ఎవరో, ఒక్కరో పదిమందో ఇప్పటికీ తేలలేదు. ఈ పుస్తకం ఒక్క ఇంట్లో ఉండదు. ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో దీని నకళ్లున్నాయి. ఇంచుమించు పది నిమిషాలకో కొత్త పేజీ చేరుతుంది, పాత పేజీ చింపడం ఎవరి తరమూ కాదు. 2010 మే 22న ఫ్లోరిడాలో ఒకాయన రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. ఆ పద్దు ఇప్పటికీ అందులో చెక్కుచెదరకుండా ఉంది. కాకపోతే ఇందులో పేర్లు రాయరు, మారుపేర్లు రాస్తారు. అక్షరాలూ అంకెలూ కలగలిపిన పొడుగాటి వరుస ఒకటి ఉంటుంది, దాన్నే అడ్రస్ అంటారు.

మారుపేరే కదా, ఇంకేం టెన్షన్ అంటారేమో. మా ఊరి సంగతి వినండి. ఆ రాసే ఆయన పక్కన కూర్చుని నోట్లు దొంతర పెట్టడం నా పని, జీతం ఒక లడ్డూ. మా ఊళ్లో ఒక పెద్దాయనకి తన పేరు మైకులో రావడం ఇష్టం ఉండేది కాదు. పిల్లాడి చేత డబ్బు పంపించి "ఓ శ్రేయోభిలాషి అని రాయించు" అనేవాడు. ఆ నోటేమో ఎనిమిది మడతలు పడి, చుట్ట వాసన గుప్పుమనేది. రొంటిన దోపుకుని తిరిగిన నోటు మరి! మైకాయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, నవ్వి, "శ్రేయోభిలాషి గారు పది రూపాయలూ" అని చదివితే పందిరి పందిరంతా ఆయన అరుగు వైపు తిరిగేది. అంతటితో పోలేదు. ఆయనెవరో తెలిసిపోయాక, ఊళ్లో పాత పుస్తకాలన్నిట్లో ఉన్న శ్రేయోభిలాషులంతా ఆయనే అయిపోయారు.

బిట్‌కాయిన్‌లో జరిగేది సరిగ్గా ఇదే. ఒక్క పద్దు మీదని తెలిస్తే చాలు, ఆ మారుపేరుతో ఉన్న పాతవీ కొత్తవీ అన్నీ మీవే అని తేలిపోతాయి.

ఇంకో చిక్కుంది, చిల్లర. పెళ్లిలో కొందరు పది నోటిచ్చి, ఐదు రాయించి, ఐదు వెనక్కి పుచ్చుకునేవాళ్లు. మా పుస్తకంలో ఐదే పడేది. ఈ పుస్తకంలో అలా కుదరదు. మీ దగ్గరున్న నోటు మొత్తం పళ్లెంలో పెట్టాల్సిందే, వెనక్కి వచ్చిన చిల్లర ఏ మారుపేరు జేబులో పడిందో అదీ రాస్తారు. అందుకని మీకు చిన్న వస్తువు అమ్మినవాడు కూడా మీ దగ్గర ఇంకా ఎంత మిగిలిందో ఊహించగలడు. రెండు మారుపేర్ల కింద ఉన్న డబ్బు కలిపి ఒకే చదివింపు చేశారనుకోండి, ఆ రెండూ ఒకరివే అని మీరే చాటించినట్టు. ఈ ఇబ్బంది ఉందని 2008లో రాసిన పత్రంలోనే నకమోటో ఒప్పుకున్నాడు. 2013లో కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో సారా మైకిల్‌జాన్, ఆవిడ తోటి పరిశోధకులు తామే రకరకాల దుకాణాల్లో కొనుగోళ్లు చేసి, ఏ మారుపేరు ఏ దుకాణానిదో గుర్తుపట్టి, అక్కణ్ణుంచి తీగ లాగారు. డొంకంతా కదిలింది.

ఇక బుజ్జి అడిగిన దొంగలు. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజి, అంటే బిట్‌కాయిన్లు కొని అమ్ముకునే అంగడి, నుంచి దాదాపు 1,20,000 బిట్‌కాయిన్లు పోయాయి. ఆ సొమ్ముని వందల మారుపేర్ల మధ్య తిప్పారు, వేరే నాణేల్లోకి మార్చారు. పుస్తకం మాత్రం అలాగే ఉందిగా! పోలీసులు పేజీ పేజీ వెనక్కి తిప్పుకుంటూ వెళ్లారు. దొంగసొమ్ములో ఒక పిసరుతో 500 డాలర్ల వాల్‌మార్ట్ గిఫ్ట్ కార్డు కొని, దాన్ని సొంత పేరుతో ఉన్న ఖాతాలో వాడుకున్నారు. అదీ చుట్ట వాసన! 2022 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆ దంపతుల్ని పట్టుకున్నారు, 94,000కి పైగా బిట్‌కాయిన్లు స్వాధీనం చేసుకున్నారు.

దొంగలు దొరకడం మంచిదే. కానీ దొంగని పట్టించే పుస్తకమే మంచివాడి గుట్టు కూడా బయటపెడుతుంది. నా మట్టుకు నేను దాపరికం వేరు, గుట్టు వేరు అంటాను. పన్నుల వాళ్లకి లెక్క చెప్పాల్సిందే. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఈ లాభాల మీద 30 శాతం పన్ను ఉంది. ఎక్స్ఛేంజీలో ఖాతా తెరవాలంటే పాన్ కార్డు ఇవ్వాలి. కాబట్టి మీ మారుపేరు ఎవరిదో వాళ్లకి ముందే తెలుసు. అంతమాత్రాన మీ నాన్నగారి దగ్గరెంతుందో ఎదురింటివాళ్లకి తెలియనక్కర్లేదు.

మీరిప్పుడే కొనమని కాదు, పెద్దయ్యాక పనికొస్తుందని చెబుతున్నాను. డబ్బు పుచ్చుకున్న ప్రతిసారీ కొత్త మారుపేరు వాడాలి. బిట్‌కాయిన్లు దాచుకుని వాడుకునే యాప్‌ని వాలెట్ అంటారు. మంచి వాలెట్లు ఆ పని వాటంతట అవే చేస్తాయి. అడ్రస్‌ని మీ పేరూ ఫొటోల పక్కన ఎక్కడా పెట్టకూడదు. ఎవరో తెలియనివాళ్లు పిసరంత డబ్బు పంపితే దాన్ని అలాగే వదిలేయాలి. దాన్ని మీరు మిగతా డబ్బుతో ఎప్పుడు కలుపుతారా అని కనిపెట్టుకుని ఉండేవాళ్లున్నారు. వాలెట్ ఇచ్చే 12 లేక 24 రహస్య పదాలు మాత్రం ఎవరడిగినా, కస్టమర్ కేర్ అన్నా సరే, చెప్పకూడదు. అవి పోతే గుట్టుతో పాటు డబ్బూ పోతుంది.

మొనేరో అని 2014లో వచ్చిన ఇంకో నాణెం ఉంది. అందులో ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఎవరో బయటికి కనపడదు. 2017 నుంచి ఎంతిచ్చారో కూడా కనపడదు. పద్దు ఎంతో చూపించకుండానే లెక్క సరిపోయిందని నిరూపిస్తారు! మైకాయన ఎంతిచ్చారో చదవకుండానే పందిరంతా "సరే, సరిపోయింది" అనడం లాంటిది. అదెలా కుదురుతుందో మీ లెక్కల మాస్టారిని పట్టుకుని అడగండి. నాకైతే తలుచుకుంటేనే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఈ ఆదివారం పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని మెంపూల్ డాట్ స్పేస్ అనే సైటు తెరవండి, బిట్‌కాయిన్ పుస్తకం అందులో కనిపిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా బిట్‌కాయిన్ ఉంటే వాళ్ల అడ్రస్ మాత్రం అందులో వెతక్కండి, అడిగింది ఎవరో ఆ సైటుకి తెలిసిపోతుంది. సున్నా నంబరు బ్లాకు చూడండి. అదే మొదటి పేజీ. అందులో ఉన్న 50 బిట్‌కాయిన్లు ఎవరూ ఎప్పటికీ ఖర్చుపెట్టలేరు. అయినా ఆ అడ్రస్‌కి జనం ఇప్పటికీ చిల్లర పంపుతూనే ఉన్నారు. ఆఖరున ఎవరు, ఏ తారీఖున, ఎంత చదివించారో చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య