విడిపోయిన జంట, మధ్యలో కుక్క: మా క్లినిక్‌లో వినిపించే అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తుంటాను. టీకాలకు, పిడుదుల జ్వరానికి వచ్చేవారితో పాటు కొన్నేళ్లుగా మరో సమస్యతో వచ్చేవారూ ఎక్కువయ్యారు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ కలిసి కుక్కనో పిల్లినో పెంచుకుని, ఇప్పుడు విడాకుల దాకా వచ్చినవారు కొందరు. పెళ్లి వరకూ రాకుండానే విడిపోయినవారు ఇంకొందరు. ఇద్దరిలో ఒకరి పుట్టినిల్లు ఇక్కడే కావడంతో జంతువు ఇక్కడికి చేరుతుంది. దాని వెనకే తగవూ వస్తుంది. "ఇది నాదేనని ఒక కాగితం రాసివ్వండి డాక్టర్ గారూ" అని అడుగుతారు. ఆ కాగితం నేను ఇవ్వలేను. వాళ్లు నమ్ముతున్న మాటల్లో ఏది తప్పో మాత్రం చెప్పగలను. ఆ తప్పుల బరువంతా చివరికి మోసేది నోరులేని జీవమే.

అపోహ: టీకాల పుస్తకంలో ఎవరి పేరుంటే కుక్క వాళ్లదే.

వాస్తవం: మొదటి రోజు కుక్కపిల్లను ఎత్తుకొచ్చినవారి పేరు అడిగి మేం ఆ పుస్తకంలో రాస్తాం. లోపలి పేజీల్లో టీకా సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటాయి. అది దాని ఆరోగ్య చరిత్ర. యాజమాన్యం తేల్చడానికి అదొక్కటే చాలదు. చట్టం దృష్టిలో పెంపుడు జంతువు చరాస్తి. అందుకని కొన్న రశీదు, జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చిన పత్రం, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వివరాలు, మందులకూ తిండికీ ఎవరి ఖాతా నుంచి డబ్బు వెళ్లిందన్నది, అన్నీ కలిపి చూడాల్సి వస్తుంది. ఏ రోజున ఏ చికిత్స చేశామో మా రికార్డు చూసి రాసిస్తాం. అంతవరకే మా పని.

అపోహ: కోర్టుకు వెళితే పిల్లల విషయంలో లాగే కస్టడీ ఇస్తారు.

వాస్తవం: మైనర్ల సంరక్షణకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. అది మనుషుల పిల్లలకే వర్తిస్తుంది. పెంపుడు జంతువుల కస్టడీ కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. భార్యాభర్తలైతే ఆస్తి తగాదాగా కుటుంబ న్యాయస్థానంలో అడగవచ్చు. పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన కానుక అయితే హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ ఉంది. పెళ్లి కానివారికి సివిల్ కోర్టే దారి. జంతువు బాగోగులు చూసి నిర్ణయించే అధికారాన్ని కాలిఫోర్నియాలో 2019 నుంచి, స్పెయిన్‌లో 2022 నుంచి చట్టమే న్యాయమూర్తికి ఇచ్చింది. ఇంటర్నెట్‌లో ఆ వార్తలు చదివి ఇక్కడా అంతే అనుకుంటారు. ముంబయిలోని బాంద్రా మేజిస్ట్రేట్ కోర్టు 2023లో ఒక గృహహింస కేసులో భార్యకు నెలకు 50,000 రూపాయల మధ్యంతర భరణం ఇస్తూ, ఆమె సాకుతున్న మూడు రాట్‌వైలర్ల పోషణను కూడా పరిగణనలోకి తీసుకుంది. మంచి తీర్పే. కానీ అది భరణం గురించి, కుక్కలు ఎవరి దగ్గర ఉండాలన్నదాని గురించి కాదు.

అందుకే మాట్లాడుకుని రాసుకోమంటాను. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేవారు ఒప్పందంలోనే ఈ విషయం చేర్చుకోవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించి లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. ఎవరి దగ్గర ఉంటుంది, పెద్ద శస్త్రచికిత్స వస్తే ఖర్చెవరిది, ఊరు మారితే ఏం చేయాలి, నయం కాని జబ్బుతో బాధపడుతుంటే చివరి నిర్ణయం ఎవరిది? ఈ ఆఖరి ప్రశ్న ఎవరూ రాసుకోరు. అసలు గొడవ అక్కడే వస్తుంది.

అపోహ: ఇద్దరం చెరోవైపు నిలబడి పిలుద్దాం. ఎవరి దగ్గరికి వస్తే వాళ్లది.

వాస్తవం: ఒక జంట మా క్లినిక్‌లోనే ఈ పరీక్ష పెట్టారు. గోల్డెన్ రిట్రీవర్‌ను మధ్యలో కూర్చోబెట్టి, అతను తలుపు దగ్గర, ఆమె మందుల బీరువా దగ్గర నిలబడి ఒకేసారి పేరు పెట్టి పిలిచారు. అది అటు చూసింది, ఇటు చూసింది. మూతి నాక్కుంది. ఆవలించింది. చెవులు వెనక్కి వాల్చి నా బల్ల కిందికి దూరింది. పాపం నిద్రొస్తోందని ఇద్దరూ అనుకున్నారు. అది నిద్ర కాదు. తిండి ఎదురుగా లేనప్పుడు మూతి నాక్కోవడం, వేళ కాని వేళ ఆవలించడం, తోక ముడవడం భయానికీ ఆందోళనకూ గుర్తులు.

ఒకవేళ అది ఒకరి దగ్గరికి పరిగెత్తినా దాన్ని తీర్పు అనుకోకూడదు. నెల తర్వాత కనిపించినవారి మీదికి కుక్క ఎగిరి దూకుతుంది. రోజూ అన్నం పెట్టేవారిని చూసి తోక ఊపి ఊరుకుంటుంది.

నేనైతే ప్రశ్నలు అడుగుతాను. పొద్దున్నే బయటికి ఎవరు తీసుకెళతారు? పిడుదుల మందు కిందటిసారి ఎప్పుడు వేశారు? చెవిలో చీము పట్టినప్పుడు ఏ చుక్కలు వాడారు? ఉరిమితే ఎక్కడ దాక్కుంటుంది? ప్రశ్న పూర్తికాకముందే ఒకరు జవాబు చెబుతారు, రెండోవారు వాళ్ల ముఖం చూస్తారు. ఆ జంటలో కుక్కను కొన్నదీ పేరు పెట్టిందీ ఆమె. జవాబులన్నీ అతని దగ్గర ఉన్నాయి. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అతనితో, "రాత్రి పెరుగన్నం తినకపోతే అది పడుకోదు, మరిచిపోకు" అంది. దాని రోజు ఎవరి చేతుల మీదుగా నడుస్తోందో చూసి నిర్ణయించమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

అపోహ: వారం నీ దగ్గర, వారం నా దగ్గర. అదే న్యాయం.

వాస్తవం: మనుషులకు న్యాయమే. పిల్లికి మాత్రం నరకం. పిల్లి మనుషులకు ఎంత అలవాటుపడుతుందో ఇంటికీ అంతే అలవాటుపడుతుంది. తన వాసన పట్టిన మూలలే దానికి ధైర్యం. కొత్త చోట బెదిరి రెండు మూడు రోజులు తిండి మానేస్తే, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుపోయే ప్రమాదం ఉంది. మగపిల్లికి ఒత్తిడి వల్ల మూత్రం బంద్ కావచ్చు. అది గంటల్లో చూపించాల్సిన జబ్బు. కాబట్టి పిల్లిని ఒకే ఇంట్లో ఉంచండి, చూడాలనిపించినవారే అక్కడికి వెళ్లండి.

కుక్క కొంత నయం. ఒకే ఊళ్లో, ఒకే తిండి, ఒకే వేళలు పాటించే రెండు ఇళ్లయితే చాలా కుక్కలు సర్దుకుంటాయి. బెంగళూరుకూ అనంతపురానికీ మధ్య వారం వారం తిప్పడం వేరే సంగతి. సముద్ర మట్టం నుంచి అక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు, ఇక్కడ 335. అందుకే అక్కడ చల్లగా ఉంటుంది. మేలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకోవాలి. చల్లని ఫ్లాట్‌లో పెరిగిన, ఒత్తైన బొచ్చుండే హస్కీని, ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌ను ఏప్రిల్‌లో తెచ్చి డాబా మీద కట్టేస్తే ఏమవుతుందో నేను చూశాను. ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రాణాపాయమే. మార్చాల్సే వస్తే చలికాలంలో మార్చండి. తిండిని వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి.

అపోహ: అమ్మానాన్నల దగ్గర వదిలితే సమస్య తీరినట్టే.

వాస్తవం: మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడను 30 కిలోల లాబ్రడార్ గొలుసు పట్టి ఈడ్చుకెళుతుంటే సమస్య ఎక్కడ తీరింది? ముందు వాళ్లను అడగండి. మొహమాటానికి సరేనన్నారా, మనసారా అన్నారా గమనించండి.

అపోహ: రెండు కుక్కలుంటే చెరొకటి.

వాస్తవం: కలిసి పెరిగి, ఒకదానికొకటి ఆనుకుని పడుకునేవాటిని విడదీయకండి. ఎప్పుడూ కొట్టుకునేవైతే విడదీయడమే మేలు.

అపోహ: ఇద్దరికీ వీలుకాకపోతే ఊరి బయట వదిలితే ఏదో తిని బతుకుతుంది.

వాస్తవం: బతకదు. రోడ్డు దాటడం తెలియదు, వీధికుక్కలు తమ హద్దులోకి రానివ్వవు. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే కావడం నన్ను బాధపెడుతుంది, కానీ నేరం నేరమే. ఆరోగ్యంగా ఉన్నదాన్ని ఇంజెక్షన్ వేసి చంపమని కూడా అడుగుతారు. ఆ పని నేను చేయను. కొత్త ఇల్లు దొరికేదాకా ఇద్దరిలో ఒకరు ఉంచుకోండి, వెతకడంలో మేం సాయపడతాం. ఇచ్చేటప్పుడు టీకాల పుస్తకం, అలవాటైన గిన్నె, ఉతకని దుప్పటి కూడా ఇవ్వండి. కరిచే అలవాటు ఉంటే దాచకుండా ముందే చెప్పండి.