గడ్డ కోశాక చీము ఎక్కడ పడింది?

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు కొండల కింద ఊళ్ళలో మేక దవడ కింద నిమ్మకాయంత గడ్డ లేచిందంటే ముందు బ్లేడు వెతుకుతారు. చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడు మా పెదనాన్న బొటనవేలితో గడ్డ నొక్కి చూసి, "ఇప్పుడే కొయ్యబాక అబ్బయా, ఇంకా పండలా" అని పక్కింటాయనను ఆపడం నాకు బాగా గుర్తు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేసి, నాలుగు రోజులాగి మళ్ళీ నొక్కి చూసేవాడు. గడ్డ ఎప్పుడు కోయాలన్న లెక్క ఆయనకు ఎప్పుడూ తప్పలేదు. తప్పింది ఇంకోచోట. చీమును దొడ్లోనే, నేల మీదికి పిండేవాడు.

ముందు ఈ పండటం సంగతి చూద్దాం. ముల్లు గుచ్చుకున్న దారిన బాక్టీరియా లోపలికి పోతే, రక్తంలోని తెల్లకణాలు అక్కడికి చేరి వాటిని మింగుతాయి, మింగి తామూ చస్తాయి. చచ్చిన కణాలు, బాక్టీరియా, కరిగిన కండ అన్నీ కలిస్తే చీము. దాని చుట్టూ ఒళ్ళు పీచులాంటి గోడ కట్టుకుంటుంది. లోపలి చెడును ఒంట్లోకి పాకనివ్వని ఆ గోడే, ఇంజెక్షన్ మందును కూడా లోపలికి సరిగా పోనివ్వదు. వారం రోజులు సూదులు వేయించినా గడ్డ అలాగే ఉండటానికి కారణం ఇదే. చీము బయటికి రావాల్సిందే. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ గోడ ఒకచోట పలచబడుతుంది, అక్కడ వెంట్రుకలు రాలి చర్మం మెత్తబడుతుంది. పెదనాన్న వేలికి తగిలేది ఆ మెత్తదనం. అంతకుముందే కోస్తే నెత్తురు వస్తుందే గాని చీము రాదు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెడితే అక్కడికి రక్తం బాగా చేరి గడ్డ త్వరగా పండుతుంది. సున్నం మాత్రం చర్మాన్ని కాలుస్తుంది. పట్టు కంటే కాపడమే మేలంటాను.

అయితే దవడ కింద ఉబ్బిందల్లా చీముగడ్డ కాదు. పొట్టలో నెత్తురు తాగే నులిపురుగులు ఎక్కువైతే మేక పాలిపోయి, దవడ కింద నీరు దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. దాన్ని కోస్తే నీళ్ళు తప్ప ఏమీ రావు, దానికి పురుగుల మందు కావాలి. మేక నోట్లో ఒక పక్కన మేత కుక్కుకుని ఉన్నా చెంప గడ్డలాగే కనిపిస్తుంది. నవ్వకండి, దాన్ని కోయబోయిన వాళ్ళూ ఉన్నారు. అనుమానంగా ఉంటే పశువుల డాక్టరు కొత్త సూదితో కాస్త లాగి చూస్తారు. నీరా, నెత్తురా, చీమా అన్నది అక్కడే తేలిపోతుంది.

మన మెట్ట ప్రాంతంలో గడ్డలకు పెద్ద కారణం చిల్లకంప. మేక ముళ్ళ కొమ్మల మధ్య మూతి దూర్చి తింటుంది, పెదవికీ చెంపకీ ముళ్ళు దిగుతాయి. అలా లేచిన మామూలు గడ్డ కోసి కడిగితే మానిపోతుంది. భయపడాల్సింది ఇంకో రకానికి. గజ్జల్లో బిళ్ళలు కట్టాయంటామే, అలాంటి బిళ్ళలే మేకకు దవడ కింద, చెవి కింద, భుజం ముందు, తొడ ముందు, పొదుగు వెనక ఉంటాయి. సరిగ్గా ఆ చోట్లలో గడ్డ లేచి, కోస్తే వాసన లేని, టూత్‌పేస్టులా చిక్కటి, తెలుపులో కాస్త ఆకుపచ్చ కలిసిన చీము వస్తే అనుమానించాల్సిన బాక్టీరియా ఒకటుంది. దాని పేరు కొరినిబాక్టీరియం సూడోట్యూబర్‌క్యులోసిస్. ఫ్రెంచ్ పశువైద్యుడు ఎడ్మండ్ నోకార్డ్ 1888లో దీన్ని ఒక ఆవులో కనుక్కున్నాడు. తర్వాత హంగరీకి చెందిన ప్రైస్ గొర్రెలో చూశాడు. అందుకే ప్రైస్-నోకార్డ్ బాసిల్లస్ అని కూడా పిలుస్తారు.

దీని ఒంటికి మైనంలాంటి కొవ్వు పొర ఉంటుంది. తెల్లకణం మింగినా అరగదు, ఆ కణంలోనే కూర్చుని బిళ్ళ దాకా సవారీ చేస్తుంది. పైగా ఫాస్ఫోలైపేజ్-డి అనే విషాన్ని వదులుతుంది. అది రక్తనాళాల గోడల్ని చెడగొట్టి బాక్టీరియా పాకడానికి దారి చేస్తుంది. గాయమైన కొన్ని వారాలకో నెలలకో గాని గడ్డ బయటపడదు కాబట్టి, ఎక్కడ అంటిందో రైతు గుర్తుపట్టలేడు. కొన్నింటికి గడ్డలు ఊపిరితిత్తుల్లో లేస్తాయి. మేత బాగానే తింటున్నా మేక చిక్కిపోతుంటే కారణాల్లో దీన్నీ చూడాలి.

విదేశాల్లో ఉన్ని గొర్రెలకు ఇది ఎక్కువగా కత్తెర గాట్ల ద్వారా అంటుతుంది. మన నెల్లూరు గొర్రెకు, అది జోడిపి, పల్ల, దొర రకాల్లో ఏదైనా గాని, ఒంటి మీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని లేదు, కత్తెర పనీ లేదు. ఆ గాట్ల పని ఇక్కడ ముళ్ళు చేస్తున్నాయని నా లెక్క. మంద మొత్తానికి ఒకే సూదితో టీకాలు వేయడమూ అంతే. పగిలిన గడ్డ నుంచి చీము నేల మీద, గాబు అంచు మీద, గుంజ మీద పడుతుంది. నీడగా తేమగా ఉండే మట్టిలో ఈ బాక్టీరియా నెలల తరబడి బతుకుతుంది. పక్క మేక మూతి మీద ముల్లు గీసిన చిన్న గాటు చాలు దానికి.

అందుకే గడ్డ మెత్తబడగానే, పగలకముందే ఆ మేకను మందకు దూరంగా కట్టేయాలి. గడ్డ గొంతు దగ్గరో చెవి కిందో ఉంటే బ్లేడు ముట్టుకోకండి. అక్కడ పెద్ద రక్తనాళాలు, ముఖం నరాలు ఉంటాయి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చర్మం కిందే తేలుతూ, బాగా పండిన గడ్డనైనా ముందు ఒకసారి డాక్టరుకు చూపించి ఇంట్లో కోయొచ్చు. చేతికి గ్లౌజులు, కింద పాత న్యూస్‌పేపరు, కొత్త బ్లేడు. వెంట్రుకలు గొరిగి, అయోడిన్ పూసి, గడ్డ అడుగు భాగంలో నిలువుగా గాటు పెడితే మిగిలిన చీము దానంతటదే కారిపోతుంది. పైన పెడితే కుండలో నీళ్ళలా నిలిచిపోతుంది. పేపరు మీదికి నెమ్మదిగా పిండాలి, గట్టిగా నొక్కితే గోడ చిట్లి చీము లోపలికి పోవచ్చు. తర్వాత లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు వేసి, సూది తీసేసిన సిరంజితో కడగాలి. పొవిడోన్ అయోడిన్ వాడితే లేత టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలపండి. నురగ వస్తుంది కదా అని హైడ్రోజన్ పెరాక్సైడ్ లోతుగా కొట్టొద్దు, బాగున్న కండను కూడా అది తింటుంది. గాటు పైపైన మూసుకుపోకుండా రోజూ కడుగుతుంటే లోపలి నుంచి కండ పెరుగుతూ వస్తుంది. వానాకాలంలో ఈగ వాలి పురుగులు పట్టకుండా చుట్టూ వేపనూనె రాయడం మనవాళ్ళ మంచి అలవాటు. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి, మేకకు అదీ వస్తుంది.

పేపరు, దూది, గ్లౌజులు, చీము పడిన మట్టి అన్నీ కాల్చేయాలి. ఈ బాక్టీరియా అరుదుగా మనుషులకూ అంటి చంకలోనో గజ్జల్లోనో బిళ్ళలు కట్టిస్తుంది, చేతికి పుండు ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండటం మంచిది. యాంటీబయోటిక్ వాడితే, డాక్టరు చెప్పిన గడువు దాకా ఆ మేక పాలు ఇంట్లో పిల్లలకు పోయొద్దు.

పుండు పూర్తిగా ఎండే దాకా, అంటే మూడు నాలుగు వారాలు, మేకను విడిగానే ఉంచాలి. మానిన మేకకే కొన్ని నెలలకు మళ్ళీ ఇంకోచోట గడ్డ లేస్తే, బాక్టీరియా లోపల పాతుకుపోయిందన్నమాట. అలాంటిదాన్ని సంతకు తోలి ఇంకొకరి మందకు అంటగట్టడం మన దగ్గర మామూలే. గడ్డ కనబడకుండా మెడకు గంట కట్టి తెచ్చినదాన్ని నేనే చూశాను, బేరం కూడా బాగానే పలికింది.