చెంప ఒక్క మిల్లీమీటరు జరిగితే

నా దగ్గర ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన అమ్మాయి ఒకామె మొన్న హన్మకొండలో మా ఇంటికొచ్చింది. క్లబ్బులో 50 మీటర్ల రేంజిలో స్కోపు (గురి చూసే దుర్బీను) పెట్టి రైఫిల్ ప్రాక్టీస్ చేస్తోంది. "సార్, 24 రెట్లలో పెడితే టార్గెట్ కళ్లముందే ఉంటుంది. అయినా గుండ్లు చెదిరిపోతున్నయ్. ఈ స్కోపు నీకు అచ్చిరాలేదంటున్నరు, మార్చెయ్యనా?" అనడిగింది.

అద్దాలకు అచ్చిరావడం, అచ్చిరాకపోవడం ఉండవు. దసరాకు ఆయుధపూజ నేనూ చేస్తాను. కానీ పారలాక్స్ దోషం, అంటే తల కదిలితే స్కోపులోని గురి గీతలు టార్గెట్ మీద జారడం, నిమ్మకాయతో పోదు.

ఆమెది 6-24×50 స్కోపు. 6 నుంచి 24 రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది, ముందు కటకం 50 మిల్లీమీటర్లు. అసలు సంగతి చెప్పడానికి వరంగల్ కోటకు తీసుకెళ్లాను. ఒక కన్ను మూసి, ఎదుటి కీర్తి తోరణానికి అడ్డంగా బొటనవేలు పెట్టి తల అటూ ఇటూ ఊపమన్నాను. వేలు తోరణం మీద జారింది. తోరణం పైనున్న రాతి హంస మాత్రం, తల ఎంత ఊపినా, తోరణాన్ని వదిలి జరగలేదు. రెండూ ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి.

స్కోపులో గీతల గుర్తు ఆ హంసలా ఉండాలి. ముందు కటకం ఏర్పరిచే టార్గెట్ ప్రతిబింబం సరిగ్గా గీతల తలం మీద పడాలి. ముందుకో వెనక్కో పడితే గుర్తు బొటనవేలవుతుంది. పక్కనుండే నాబ్ పని ఆ రెంటినీ ఒకే చోటికి తేవడమే.

ఇప్పుడు లెక్క చూడండి. టార్గెట్ 50 మీటర్లలో ఉంది, నాబ్ 60కి సరిపడే చోట ఉండిపోయింది. రైఫిల్‌కు ఆనించిన చెంప, దాంతోపాటు కన్ను, ఒక మిల్లీమీటరు జరిగింది. 24 రెట్లలో అది ముందు కటకం మీద 24 మిల్లీమీటర్లు జరిగినట్టే. 50, 60ల తేడా (60లో 10) వల్ల అందులో ఆరోవంతు, అంటే 4 మిల్లీమీటర్లు, గురి తప్పుతుంది. అదే 6 రెట్లలో తప్పేది ఒక్క మిల్లీమీటరే! 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. మధ్య నుంచి అంచుకు 5.2. అందులో ముప్పాతిక చెంపకే పోయింది.

బొమ్మ స్పష్టంగానే ఉంది కదా అంటుంది ఆమె. పడుచు కళ్లు ఆ తేడాను వాటంతట అవే సర్దుకుంటాయి, తప్పు కనబడనివ్వవు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పిన్నులు పెట్టి పారలాక్స్ తీసేయమంటే, తల కదపకుండానే రీడింగులు రాసేసే పిల్లలను ఎందరినో చూశాను. మార్కులు వేసి పంపేశాం. తల ఊపి చూడటమే ఆ ప్రయోగమని గట్టిగా చెప్పాల్సింది.

మిగతావి క్లుప్తంగా. 24లో కంటికి చేరే వెలుగు వృత్తం 50ని 24తో భాగిస్తే వచ్చే 2.1 మిల్లీమీటర్లే. సాయంత్రం కనుపాప పెద్దదయ్యాక బొమ్మ మసకబారుతుంది. గీతలు వెనక ఫోకల్ తలంలో ఉన్న స్కోపయితే (రెట్లు మార్చినా గీతల సైజు మారని రకం) వాటి కొలతలు ఏదో ఒక్క రెట్ల అంకె దగ్గరే, సాధారణంగా గరిష్ఠం దగ్గరే, సరిపోతాయి. మే నెల మధ్యాహ్నం ఎండమావిని కూడా 24 రెట్లు పెంచి చూపిస్తుంది కాబట్టి 10, 12కి దించడమే మేలు.

స్కోపు మార్చొద్దన్నాను. ముందు ఆకాశం వైపు చూస్తూ కంటి దగ్గరి రింగు తిప్పి గీతలు పదునుగా కనబడేలా పెట్టుకోమన్నాను. తర్వాత తూటా లేదని చూసుకుని, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద పెట్టి, అది కదలకుండా, తల ఊపుతూ నాబ్ తిప్పమన్నాను. గీతలు కదలడం ఆగిన చోటు నాబ్ మీది 50 అంకె దగ్గర లేదట, దాన్ని కాస్త దాటాక ఉందట. అక్కడ తెల్ల టేపు ముక్క అంటించుకుంది.