వందలో నాలుగు: బార్ పరీక్షలో వృత్తి ధర్మం ప్రశ్నల వెనుక చరిత్ర

లా పట్టా ఉన్నవాళ్లు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి రాసే అఖిల భారత బార్ పరీక్షలో వంద ప్రశ్నలుంటాయి. రాజ్యాంగం, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ ప్రొసీజర్‌లకు పదేసి, సాక్ష్య చట్టానికి 8. వృత్తి ధర్మానికి, న్యాయవాదుల వృత్తి సంస్థ అయిన బార్ కౌన్సిల్ నియమాల కింద తేలిన దుష్ప్రవర్తన కేసులకు కలిపి 4. నెగెటివ్ మార్కులు లేవు, తెలుగులోనూ రాయవచ్చు, జనరల్ అభ్యర్థులకు 45 శాతం వస్తే పాసు. ఈ లెక్క చూసి చాలామంది ఆ నాలుగింటినీ పరీక్ష ముందు రాత్రికి వాయిదా వేస్తారు. అది పొరపాటు. పేపరు మొత్తంలో ఇంత తక్కువ పాఠంతో ఇంత ఖాయంగా మార్కులిచ్చే భాగం ఇంకొకటి లేదు. ప్రాక్టీసు మొదలయ్యాక న్యాయవాది మీద ఫిర్యాదు వస్తే చూసేదీ ఈ నియమాలనే. అలాంటి సబ్జెక్టుకు నాలుగే మార్కులు కేటాయించడం అన్యాయమని మా అభిప్రాయం.

ఈ పరీక్ష కొత్తగా వచ్చిందేమీ కాదు. 1961లో అడ్వకేట్స్ చట్టం చేసినప్పుడే 24వ సెక్షన్‌లో ఉంది. డిగ్రీ తర్వాత శిక్షణ పొంది, రాష్ట్ర బార్ కౌన్సిల్ నిర్దేశించిన పరీక్ష పాసైతేనే న్యాయవాదుల జాబితా అయిన రోల్‌లో పేరెక్కేది. 1973 సవరణ చట్టం ఆ క్లాజును ఎత్తేసింది. మూడేళ్ల లా కోర్సు చదివినవాళ్లకు మళ్లీ శిక్షణ ఎందుకన్నది అప్పటి ఆలోచన. 1974 జనవరి 31 నుంచి పట్టా ఉంటే చాలు, కోటు వేసుకోవచ్చు.

ఆ తర్వాత పట్టాల నాణ్యత మీద అనుమానాలు పెరిగాయి. 1995లో భారత బార్ కౌన్సిల్ ఏడాది శిక్షణను తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చింది. 1999లో వి. సుదీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. పార్లమెంటు తీసేసిన షరతును కౌన్సిల్ నియమాల రూపంలో తిరిగి తేలేదని తీర్పు సారాంశం. అందుకే 2010లో కౌన్సిల్ దారి మార్చింది. పేరు నమోదు జోలికి పోకుండా, నమోదు తర్వాత ప్రాక్టీసు చేయడానికి పరీక్ష పెట్టింది. మొదటి పరీక్ష 2011 మార్చి 6న జరిగింది. చట్టం నుంచి పరీక్ష పోయిన 37 ఏళ్లకు అది వేరే గుమ్మం గుండా లోపలికి వచ్చిందన్నమాట.

దీని చెల్లుబాటు మీద వివాదం మరో పన్నెండేళ్లు సాగింది. 2023 ఫిబ్రవరి 10న బోనీ ఫోయ్ లా కాలేజీ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం పరీక్షను సమర్థించింది. సుదీర్ తీర్పు సరైన చట్టం కాదని చెప్పింది. పరీక్షను నమోదుకు ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా అన్నది కౌన్సిల్‌కే వదిలేసింది. పాత గైడ్లలో సుదీర్ కేసు ఇంకా చెల్లుబాటయ్యే తీర్పుగానే కనిపిస్తుంది. అచ్చయిన సంవత్సరం చూడకుండా చదివితే ఆ మార్కు అక్కడే పోతుంది.

నియమాలది ఇంకో కథ. 1926 బార్ కౌన్సిల్స్ చట్టం కింద కౌన్సిల్ విచారణ జరిపినా, శిక్ష వేసే అధికారం హైకోర్టుదే. 1961 చట్టం ఆ అధికారాన్ని వృత్తికే అప్పగించింది. 49వ సెక్షన్ (1)(సి) కింద కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు చేసింది. భారత బార్ కౌన్సిల్ నియమాల ఆరో భాగం రెండో అధ్యాయంలో 52 వరకు అంకెలున్న నియమాలివి. 1 నుంచి 10 కోర్టు పట్ల, 11 నుంచి 33 కక్షిదారు పట్ల, 34, 35 ఎదుటి పక్షం పట్ల, 36 నుంచి 39 తోటి న్యాయవాదుల పట్ల పాటించాల్సినవి. 47 నుంచి 52 వరకు ఇతర ఉద్యోగ, వ్యాపారాల మీద ఆంక్షలు. ఈ విభజన గుర్తుంటే ప్రతి నియమం అంకె బట్టీ పట్టక్కర్లేదు.

కక్షిదారు పట్ల విధుల్లోనే ప్రశ్నలు ఎక్కువగా తయారవుతాయి, ఎందుకంటే డబ్బు చేతులు మారేది అక్కడే. 20వ నియమం దావా ఫలితం మీద ఆధారపడే ఫీజును, వచ్చినదాంట్లో వాటాను నిషేధిస్తుంది. ఈ నిషేధం నియమాల కంటే పాతది. 1954లో ‘జి’ అనే సీనియర్ అడ్వకేట్ కేసులో, వసూలైన దాంట్లో సగం తీసుకునే ఒప్పందాన్ని సుప్రీంకోర్టు వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా తేల్చింది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అలాంటి ఒప్పందం చెల్లవచ్చు గానీ, న్యాయవాది చేసుకుంటే తప్పు. దావాలో వాటా ఉన్న మనిషి కోర్టుకు నిష్పాక్షికంగా సాయపడలేడు. కారణం ఇలా తెలిస్తే పక్క నియమాలూ అర్థమవుతాయి. దావా హక్కును కొనకూడదు (21), తాను నడిపిన కేసులో వేలానికొచ్చిన ఆస్తిని పాడుకోకూడదు (22), కేసు ఖర్చులకు కక్షిదారుకు అప్పివ్వకూడదు (32).

ఎక్కువమంది తప్పు చేసేది కేసు కట్టల దగ్గర. ఫీజు బాకీ ఉంది, కక్షిదారు వకీలును మార్చుకున్నాడు. కట్ట ఇవ్వకుండా ఆపవచ్చా? సహజంగా తోచే జవాబు ‘ఆపవచ్చు’. ఆర్.డి. సక్సేనా కేసులో జరిగింది అదే. ఒక సహకార బ్యాంకు న్యాయ సలహాదారు 97,100 రూపాయల ఫీజు రావాలంటూ ఫైళ్లు తన దగ్గరే ఉంచుకున్నారు. 2000లో సుప్రీంకోర్టు అది దుష్ప్రవర్తనేనంది. బాకీ తీరేదాకా పట్టి ఉంచుకునే హక్కునిచ్చే కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ మాట్లాడేది అప్పగించిన సరుకుల గురించి. ఫైలు అమ్ముకునే సరుకు కాదు, దాన్ని పట్టి ఉంచితే కక్షిదారు కేసే చెడుతుంది. డబ్బు సంగతి వేరు. కేసు ముగిశాక తన చేతిలో మిగిలిన సొమ్మును ఖాయమైన ఫీజు బాకీకి సర్దుకోవచ్చని 28వ నియమమే చెబుతోంది. ప్రశ్నలో ‘సొమ్ము’ ఉందా, ‘ఫైలు’ ఉందా అన్నది చూసి జవాబు గుర్తించాలి.

రహస్యాల విషయంలో 17వ నియమం సాక్ష్య చట్టం 126వ సెక్షన్‌ను పేర్కొంటుంది. 1872 నాటి ఆ సెక్షన్ బారిస్టరు, అటార్నీ, ప్లీడరు, వకీలు అని నలుగురిని వేరువేరుగా పేర్కొంది. అప్పట్లో కోర్టుల్లో అన్ని తరగతులుండేవి మరి. 2024 జులై 1 నుంచి ఆ రక్షణ భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లో ఉంది. దాని ఉదాహరణలే నేరుగా ప్రశ్నలవుతాయి. ‘నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి’ అని కక్షిదారు చెబితే ఆ మాటకు రక్షణ ఉంది, నేరం చేసినవాడి తరఫున వాదించడం నేరం కాదు కాబట్టి. ‘ఈ దొంగ దస్తావేజుతో ఆస్తి స్వాధీనం కావాలి, దావా వేయండి’ అంటే లేదు. మూడోది సూక్ష్మమైనది. సొమ్ము కాజేశాడన్న కేసులో, వకీలు కేసు తీసుకున్నప్పుడు లేని పద్దు ఒకటి నడుమ కక్షిదారు ఖాతా పుస్తకంలో కనిపించింది. దానికీ రక్షణ లేదు. జరిగిపోయిన నేరమా, జరగబోయేదా, వకీలు వచ్చాక జరిగిందా అని కాలాన్ని చూసుకుంటే చాలు.

36వ నియమం ప్రకటనలను, కేసుల కోసం వెంటపడటాన్ని ఆపుతుంది. దీనికి ఆనవాలు దభోల్కర్ కేసు. బొంబాయి మేజిస్ట్రేట్ కోర్టు గుమ్మం దగ్గర కొందరు న్యాయవాదులు వచ్చేపోయేవాళ్ల మీద పడి, చేతుల్లో కాగితాలు లాక్కునేవారు. 1970ల్లో అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో నియమం కొంచెం సడలింది. వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, అర్హతల వంటి నిర్దేశించిన వివరాలు ఉంచవచ్చు.

క్రమశిక్షణ విధానం చిన్నదే, కానీ అంకెలు కలిసిపోతాయి. ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు (అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్). ముగ్గురు సభ్యుల కమిటీ ఏడాదిలో తేల్చకపోతే కేసు భారత బార్ కౌన్సిల్‌కు వెళుతుంది (36బి). అక్కడికి అప్పీలు 60 రోజుల్లో (37), అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు మళ్లీ 60 రోజుల్లో (38). మధ్యలో హైకోర్టు లేదు. ఆప్షన్లలో మాత్రం తప్పకుండా ఉంటుంది. కోర్టు ధిక్కారం కేసులో సుప్రీంకోర్టు తానే లైసెన్సు సస్పెండ్ చేయగలదా? 1995లో వినయ్ చంద్ర మిశ్రా కేసులో చేసింది, 1998లో రాజ్యాంగ ధర్మాసనం అలా చేయకూడదంది. రెండో తీర్పే జవాబు.

పుస్తకాలు చూసి రాసే పద్ధతి 2021 అక్టోబరు పరీక్షతో పోయింది. నోట్సు, వ్యాఖ్యలు లేని బేర్ యాక్టులే లోపలికి రానిస్తారు. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నదీ నోట్సే కాబట్టి, చదవడానికి ఒక కాపీ, హాలుకు తీసుకెళ్లడానికి మరో కాపీ వేరుగా పెట్టుకోవాలి. ఇంకో చిక్కు: అడ్వకేట్స్ చట్టం పేరుతో దొరికే పలచటి పుస్తకాల్లో కొన్నింటిలో చట్టమే ఉంటుంది, ఆరో భాగం నియమాలుండవు. కొనేముందు వెనుక పేజీలు తిప్పి చూడాలి. ముందు 24, 24ఎ, 30, 35 నుంచి 38, 49 సెక్షన్లు, తర్వాత నియమాలు, ఆ తర్వాత పైన చెప్పిన కేసులు. రోజుకు గంట చొప్పున వారం పెడితే సరిపోతుంది.

కొత్త తీర్పుల్లో వదలకూడనిది 2024 మే 14న వచ్చిన డి.కె. గాంధీ కేసు. న్యాయవాది సేవలో లోపముందని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. నిర్లక్ష్యానికి పరిహారం కావాలంటే కక్షిదారు సివిల్ కోర్టుకు వెళ్లాలి, దుష్ప్రవర్తన మీద అయితే 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకోవాలి.